డెల్ఫినా శయనకోశ విజయము

అట్లాంటిక మహాసముద్రము తన చలిగాలుల చామరములతో నిరంతరము వీచుచుండు మసాచుసెట్సు తీరమున, మూతపడిన నూలుమిల్లుల పొగగొట్టములు ఆకాశమును నిలదీయుచుండు ఒకానొక నదీముఖ పట్టణమున, ఏప్రిల్ మాసపు ఆదివారము తెల్లవారుచుండ, రహదారి వంతెన నీడలో లంగరు దించుకొని, ఒకనాడు శత్రుహృదయ విదారక శతఘ్నీ గర్జనలతో సప్తసముద్రముల నల్లాడించి, నేడు పింఛను పుచ్చుకొన్న పెద్దమనిషివలె టిక్కెట్టు కొన్నవారికెల్ల తన పొట్ట తెరిచి చూపుచు కాలక్షేపము చేయుచున్న హాలోవెల్ అను మహాయుద్ధనౌక గర్భమున, ఒక ఘోరసమరము జరిగెను. గుండె దిటవు లేనివారు ఇక్కడితో ఇంటికి పోవచ్చును.

అందు యోధురాలు డెల్ఫినా మెడీరోస్. వయస్సు పండ్రెండు, ముందుపండ్లకు తీగె, ఏదుపంది దళమను పేరు గల బాలికా స్కౌట్ల గుంపులో అందరికన్న చిన్నది. వైరి యెవరనగా, ఆ రాత్రి ఆమెను కడుపులో పెట్టుకొని కాపాడిన స్లీపింగ్ బ్యాగు. రాత్రి తల్లివలె లాలించి తెల్లవారగనే పగవానివలె తిరుగబడు వస్తువు లోకమున అదియొక్కటియే.

ఆ నౌకపై బస చేయు స్కౌట్లకు ఒక ఆచారము కలదు. తెల్లవారి బాకా మ్రోగిన పిదప ఏ దళమువారు తమ పడకలను సంచులలో కట్టుకొని, అందరును వెనుక డెక్కు మీద ముందుగా వరుస తీరుదురో, ఆనాటి జెండా నెగురవేయు భాగ్యము వారిది. ఎవరి సంచి వారే కట్టవలెను. తోడివారు నోటితో సాయము చేయవచ్చును గాని చేతితో చేయరాదు.

గడచిన రెండు శిబిరములందును ఏదుపందులు ఓడినది డెల్ఫినా సంచి వలననే. ఒక్కరైనను ఆమెను తిట్టలేదు. తిట్టియున్నచో ఎంత బాగుండెడిదో! పైగా దళనాయకురాలు మోయిరాకు మరుసటి వారము పదునెనిమిదేండ్లు నిండును. నిండినవారికి దళమున చోటు లేదు. బుడిబుడి అడుగుల పిల్లలను ఏరి తెచ్చి దళముగా నిలిపిన మోయిరా ఇంతవరకు జెండాత్రాడు చేత పట్టి యెరుగదు. ఇదియే ఆమెకు కడపటి ఉదయము.

ఇక సమరమునకు ముందు ఒక రహస్యము. గొలుసులకు వ్రేలాడు మూడంతస్తుల పడకలలో పై పడక ఆమెది. నడవలో వస్తువు లుంచరాదని నౌకవారి కట్టడి. చలిలో బూట్లు బిగుసుకొనకుండ పడకలోనే పెట్టుకొనవలెనని స్కౌట్ల యుపాయము. ఈ రెండింటిని శిరసావహించి డెల్ఫినా తన బూట్లను స్లీపింగ్ బ్యాగు అడుగున, పాదముల చెంత దాచుకొని నిద్రించెను. చదువరులు ఈ మాటను కొంగున ముడి వేసికొందురు గాక.

బాకా మ్రోగెను. వంటశాల నుండి సాసేజి వేగు వాసన యుక్కుగోడలను చీల్చుకొని వచ్చి యోధురాండ్ర కడుపులలో రణభేరి మ్రోగించెను. డెల్ఫినా చేతికి దొరికిన ఒక బూటును తొడిగి, రెండవది ఆనక చూచుకొందమని, పడకపై మోకరిల్లి, స్లీపింగ్ బ్యాగును చుట్టనారంభించెను.

చుట్టుట మెడీరోస్ వంశమున మతము వంటిది. వొవో యని ఆమె పిలుచు తాత బ్రతుకంతయు వలలు చుట్టెను. తల్లి తువ్వాళ్ళు చుట్టును. ఆ వంశాంకురము అంచుకు అంచు కలిపి, ముడుత లేకుండ, చూచినవారు ముద్దుపెట్టుకొనునంత చక్కగా చుట్టెను. నడుమ ఏదో గడ్డవంటిది తగిలెను గాని, దూదియుండ యని లెక్క చేయలేదు. చుట్టిన చుట్ట, సంచి మూతికి రెండింతలుండెను. విప్పి మరల చుట్టెను. అంతకన్న చక్కగా వచ్చెను, అంతకన్న లావుగా కూడ వచ్చెను.

అప్పుడు డేగ దళపు నాయకురాలు హ్యాడ్లీ, మూట భుజమున వైచుకొని అటు పోవుచు నిలిచెను.

"ఏంటే, పక్క సర్దుతున్నావా, పురిటి బిడ్డకి పొత్తిళ్ళు చుడుతున్నావా?"

"నీ పని నువ్వు చూస్కో, హ్యాడ్లీ."

"నా పని అయిపోయిందిగా. మా ఇమోజెన్ పళ్ళు తోముకొని వస్తే జెండా మాదే. అది నిదానంగా తోముతుందిలే, కంగారుపడకు."

ఈ వాక్శరాఘాతమునకు డెల్ఫినా కర్ణములు జేవురించెను. "నైలాను చర్మము కప్పుకొని, గాలితో నుబ్బి, గర్వముతో నిక్కుచున్న ఓ కపటశయనమా, నీ యుబ్బు నణచి, నీ యూపిరి పిండి, ఈ సంచీ చెరసాలలో నిన్ను బంధింపనిచో నేను మెడీరోస్ వంశమున పుట్టినదాననే కాను" అని మనసున సింహనాద మొనర్చెను. పైకి మాత్రము, "దూరవే తల్లీ, నీకు దణ్ణం పెడతా, దూరు" అనెను.

క్రింద మూట కట్టుకొని నిలిచిన మోయిరా ఆ మొర వినెను.

"డెల్ఫీ, చుట్టకు. కుక్కు."

"కుక్కితే నలిగిపోదూ? మా వొవో చూశాడంటే ఊరుకోడు."

"మీ వొవో చుట్టింది వల. వలలో గాలుండదు. ఇది గాలితిత్తి. అడుగు పక్కనుంచి గుప్పెడు గుప్పెడు లోపలికి తోసెయ్. దిండు గలీబులో దూది కుక్కవూ, అలాగ."

"అసహ్యంగా ఉంటుంది మోయిరా."

"లోపలికి పోయాక ఎవరు చూడొచ్చారే?"

డెల్ఫినా కన్నులు మూసికొని, మనసున తాతకు క్షమాపణ చెప్పుకొని, వంశాచారమును గంగలో కలిపెను. అంత నామె పిడికిళ్ళు పిడుగులై పడెను. కుక్కెను, క్రుమ్మెను, త్రొక్కెను. సంచి మింగలేక కక్కలేక గ్రుడ్లు తేలవేసెను. బుస్సుమని నిట్టూర్చుచు వైరి జానెడు జానెడుగా చెరలోనికి దిగెను. ఏనుగు వెళ్ళి తోక చిక్కినట్లు కడకు ఒక మూల మాత్రము బయట మిగిలెను. దానిపై మోకాలు మోపి, పండ్లతో త్రాడు పట్టి లాగి, డెల్ఫినా ముడి బిగించెను. ఏదుపందులు తమ మూటలు భుజములకెత్తుకొనిరి.

ఇల్లలుకగానే పండుగ యగునా? పడక దిగిన డెల్ఫినా కాళ్ళను మోయిరా చూచెను. ఒక కాలికి బూటు, ఒక కాలికి మేజోడు.

"రెండోది ఏదే?"

డెల్ఫినా పడకపై వెదకెను. దిండు క్రింద వెదకెను. పిమ్మట మెల్లగా సంచి అడుగును తడిమెను. అక్కడ గట్టిగా, మడమ వంటిది తగిలెను. అది మడమయే.

"లోపలుంది" అనెను, చచ్చిన గొంతుతో.

"విప్పుతావా?"

"విప్పితే ఇంక దూరదు."

"బూట్లు లేకుండా డెక్కు మీదికి రానివ్వరు డెల్ఫీ. రాత్రి కథలు చెప్పిన పశేకో గారు మరీ మరీ చెప్పారు."

నడవ చివర ఇమోజెన్ పుక్కిలించి ఉమిసిన చప్పుడు వినవచ్చెను. డెల్ఫినా మోయిరా ముఖము చూచెను. అందు కోపము లేదు. ఎప్పటివలెనే, పోనీలే యనబోవు చిరునవ్వు మాత్రము కలదు. ఆ చిరునవ్వును ఇక భరింప శక్యము కాదని ఆమెకు తోచెను.

"నడవండి" అనెను డెల్ఫినా. ఆమె ఒకరి కాజ్ఞ యిచ్చుట అదియే మొదలు. "నా చుట్టూ నడవండి. దగ్గరగా."

ఏదుపంది తన మెత్తని పొట్టను ముండ్లతో కాచుకొన్నట్లు, దళమంతయు ఆ మేజోటి కాలిని చుట్టుముట్టి, ఇనుపమెట్లెక్కి వెనుక డెక్కును చేరెను. డేగలు వారి వెనుకనే రొప్పుచు వచ్చిరి.

అక్కడ పశేకో గారు నిలిచి యుండిరి. వయసున ఇదే నౌకపై ఫిరంగికి గుండ్లందించి, ముసలితనమున ఇదే నౌకను చూడవచ్చు పిల్లలకు కథలు చెప్పుచున్న పెద్దాయన.

"ఏదుపందులు ముందొచ్చారు. మూటలన్నీ ఉన్నాయా?"

"ఉన్నాయండీ."

"కానీ ఆ పిల్లకి బూటు లేదండీ" అనెను హ్యాడ్లీ. "బూట్లు డెక్కు మీదికి తెచ్చుకోకపోతే లెక్కలోకి రారని మీరే అన్నారు."

ముండ్లు విచ్చుకొనెను. మంచుకు తడిసిన యుక్కుపై డెల్ఫినా మేజోడు అనాథవలె నిలిచి యుండెను.

"బూటేదమ్మాయ్?"

డెల్ఫినా సంచి నెత్తి, అడుగున ఉబ్బిన చోటు చూపెను. "ఇందులో ఉందండీ. పొరపాటున కట్టేశాను. విప్పమంటే విప్పుతాను. కానీ మోయిరాకి ఇదే ఆఖరిసారండీ."

పశేకో గారు ఆ యుబ్బును వ్రేలితో తట్టి చూచిరి. మీసము కదలెను.

"బూట్లు డెక్కు మీదికి తెచ్చుకోమన్నాను, నిజమే. రెండూ డెక్కు మీదే ఉన్నాయిగా? ఒకటి కాలికి, ఒకటి సంచిలో." హ్యాడ్లీ వైపు తిరిగి, "ఇంకేమైనా ఉందా తల్లీ?" అనిరి. పిమ్మట మడచిన జెండాను డెల్ఫినా చేతులలో పెట్టిరి. "నువ్వు జెండా పట్టుకో అమ్మాయ్, కింద తగలనివ్వకు. ఆ కాలు మాత్రం కదిపావంటే చూడు."

మోయిరా త్రాడందుకొనెను. పెదవి కొరుకుకొని, పిడికిలి మీద పిడికిలిగా లాగెను. డెల్ఫినా రెండు చేతుల నిండ పట్టుకొన్న వస్త్రము మడత మడతగా విచ్చుకొని, ఆమె బుగ్గలు తాకి, వంతెన మీది బస్సులవారు సైతము చూచునట్లు మీదికి లేచెను. మేజోటి కాలు మొద్దుబారెను. ఆమె కదపలేదు. అంత సంతోషము ఆమె ఎన్నడును ఎరుగదు.

సరిగ్గా జెండా కంబపు కొసకు చేరిన క్షణమున, ఆమె వెనుక సంచి త్రాడు జారెను. చెరలోని వైరి ఒక దీర్ఘనిశ్వాసము విడిచి, పొంగిన పాలవలె డెక్కంతయు పరచుకొనెను. అందుండి బూటు దొర్లి హ్యాడ్లీ పాదముల చెంత ఆగెను. హ్యాడ్లీ వందనము ముగిసినదాక నిలిచి, వంగి, బూటు తెచ్చి డెల్ఫినా ముందు పెట్టెను.

"ఈసారి కాళ్ళకే వేసుకొని పడుకోవే."

మోయిరా కన్నులు తుడిచికొని, పరచుకొనియున్న స్లీపింగ్ బ్యాగును చూచి నవ్వెను. "ఇదంతా మళ్ళీ కుక్కాలి, తెలుసుగా."

"కుక్కుతాలే" అనెను డెల్ఫినా, బూటు తొడుగుకొనుచు. "నాకిప్పుడు వచ్చుగా."

ఇట్లు అట్లాంటిక తీరమున ఒక సంచి జయింపబడి, మరల తిరుగబడెను. ఈ విజయగాథను చదివినవారికిని, వినినవారికిని, విని నిద్రపోయినవారికిని పడకలు తొలిప్రయత్నముననే సంచులలో నిముడుగాక. బూట్లు రెండును వెలుపలనే దొరకుగాక.