రంగు సంగతి తేజాకు చెప్పొద్దు

సోమవారం పొద్దున షఫీ తలపెట్టింది చిన్న పనే. విష్ణుతేజ ప్రొద్దుటూరు నుంచి తెచ్చిచ్చిన సైకిలు ఫ్రేముకు రంగులేని పూత ఒకటి కొట్టాలి, ఆరబెట్టాలి, శనివారం అప్పగించాలి. దానికి చక్రాలూ గొలుసూ బిగించుకుని తేజా ఆ పైవారం ఆదివారం పులివెందుల సైకిలు పోటీకి పోతాడు.

పని చిన్నదే గానీ ఆశ పెద్దది. కువైటులో కార్లకు రంగులేసి చెయ్యి తిరిగినవాడు షఫీ. జమ్మలమడుగు బస్టాండు వెనక షెడ్డు వేశాక ఆ చేతికి ఇనుప గేట్లూ, బీరువాలూ, ట్రాక్టరు ట్రాలీలే దక్కాయి. ఈ ఒక్కటి కుదిరితే పులివెందుల పోటీకి వచ్చే సైకిళ్లన్నీ తన గడప తొక్కుతాయి. చెడితే మళ్లీ గేట్లే.

ఆ ఫ్రేమును షఫీ అటూ ఇటూ తిప్పి చూశాడు. కార్బన్‌తో చేసిందట. దూరానికి ఉత్త నలుపు. కంటి దగ్గరికి తెస్తే లోపల సన్నటి చాప అల్లినట్టు పోగులు. చిటికెన వేలికి తగిలిస్తే వేలు వంగలేదు. అతని భార్య హఫీజా కూడా ఎత్తి చూసి, పసిబిడ్డను పడుకోబెట్టినట్టు కింద పెట్టింది.

"ఇది బండా, బండి నీడా?" అంది.

మెరిసే పూతా, మెరవని మ్యాటా అని తేజా నెల పైగా కొట్టుకులాడి చివరికి తేల్చాడు. "మ్యాటే కొట్టు షఫీ బాయ్. ఒకే పూత. అల్లిక బాగా కనపడల్ల, బరువు పెరగగూడదు."

అతను బస్సెక్కాడో లేదో ఫోను మోగింది. తేజా తండ్రి గురురాజారావు సారు. బడిలో షఫీకి లెక్కలు చెప్పినాయన. షఫీ లేచి నిలబడ్డాడు. ఫోనులో కనపడనని తెలుసు. అయినా సారుతో కూర్చుని మాట్లాడటం అతనికి చేతకాదు.

"ఏందిరా షఫీ, నలుపంట. నాపరాళ్ల లారీలు ఎట్ల పోతాండాయో చూసినావా? వీడు చీకటితో లేసి రోడ్డెక్కుతాడు. తెలుపు వెయ్యి. తేజాకు చెప్పొద్దు."

"అల్లిక కనపడల్ల అన్యాడు సార్."

"వాడు కనపడల్లరా. అల్లిక కాదు."

షఫీ తెలుపు వేశాడు. అది ఆరిందో లేదో సారు భార్య జానకమ్మ ఫోను చేసింది. ట్యూషనుకు పోయినప్పుడల్లా చేతిలో తియ్యటి ఓళిగ పెట్టి పంపిన తల్లి.

"నాయనా షఫీ, కొత్త బండిని పసుపు పూయకుండా యాడన్నా తోల్తారా? నేను పూస్తే వాడు తుడిచేస్తాడు. రంగే పసుపయితే యాడ తుడుస్తాడు? అదే కొట్టు. తేజాకూ చెప్పొద్దు, సారుకూ చెప్పొద్దు."

ఓళిగలు తిన్న నోటికి కాదనే మాట రాలేదు. తెలుపు మీద పసుపు ఎక్కింది.

మర్నాడు తేజా భార్య కౌముది. "అన్నా, ఆయన పండుకునేటప్పుడు గూడా ఆ సైకిలు బొమ్మనే చూస్తాండాడు. మా పెళ్లిచీర రంగు వెయ్యి, నెమలికంఠం. ఫోటో పంపినా. నన్ను చూడకపోయినా నా చీరన్నా చూస్తాడు. మా అత్తకు తెలియనియ్యొద్దు."

అన్నా అని నోరారా పిలిచిన ఆడబిడ్డను ఉత్తచేతులతో ఎట్లా పంపడం? పసుపు మీద నెమలికంఠం ఎక్కింది.

"పని ఇచ్చినోడు ఒకడు, చెప్పేటోళ్లు ఇంటిల్లిపాదీ. నీకు కాదనేది రాదా?" అంది హఫీజా.

"వచ్చు."

"మరి చెప్పు."

"వాళ్లకు చెప్పేది రాదు."

శుక్రవారం సాయంత్రం షఫీ ఫ్రేమును చిటికెన వేలికి తగిలించాడు. వేలు వంగింది. పక్క వేలు సాయానికొచ్చింది. అతని గుండె గేటు వేసినట్టు దబ్బున మూసుకుంది. సరిగ్గా అప్పుడే తేజా ఫోను.

"రేపొస్తాండా షఫీ బాయ్. అల్లిక ఉందా?"

"ఉంది తేజా," అన్నాడు షఫీ. అబద్ధం కాదు. ఉంది, అడుగున.

శనివారం పొద్దున్నే ఉప్పుకాగితమూ నీళ్లూ ముందేసుకుని, మళ్లీ నలుపు దాకా పోవాలని తల వంచుకుని రుద్దడం మొదలుపెట్టాడు. చూస్తే చేతులాడవని చూడకుండా రుద్దాడు. సగం పని కాకముందే షెడ్డు ముందు కారాగింది. తేజా దిగాడు. ఎవరి ముచ్చట వాళ్లు కళ్లారా చూసుకుందామని సారూ, జానకమ్మా, పెళ్లిచీర కట్టుకున్న కౌముదీ దిగారు.

షఫీ ఏం చెయ్యాలో తోచక చెంబెడు నీళ్లు తీసి ఫ్రేము మీద పోశాడు. రంగుల బురద జారిపోయింది.

చెయ్యి గట్టిగా తగిలిన ప్రతి వంపులోనూ నడుమ నల్లటి అల్లిక, దాని చుట్టూ తెల్లటి అంచు, దాని చుట్టూ పసుపు, ఆపైన పరుచుకున్న నెమలికంఠం. పొడుగునా వరద తీసిన పెన్నా ఇసకలా చారలు. నెమలి ఈకలోని కన్నులు వందల కొద్దీ తెరుచుకుని తమనే చూస్తున్నట్టుంది. జానకమ్మ చేతులు జోడించింది. ఎవరికో ఆమెకే తెలియదు.

సారు మెల్లగా, "ఆ తెలుపు నేను చెప్పిందే," అన్నాడు.

"మీరు చెప్పినారా? నాతో ఒక్క మాటన్నా అనలేదే," అంది జానకమ్మ.

"మరి ఆ పసుపు ఎవరిది?"

జానకమ్మ షెడ్డు కప్పును చూసింది. కౌముది కొంగు సర్దుకుంది. తేజా ఫ్రేమును చూశాడు, భార్యను చూశాడు. ఆపైన కాసేపు ఫ్రేమును చూడటం మరిచాడు.

తర్వాత దాన్ని చిటికెన వేలికి తగిలించాడు. వేలు వంగలేదు.

"మ్యాట్ వద్దులే షఫీ బాయ్," అన్నాడు తేజా. "మెరిసేదే కొట్టు. ఇది దాచిపెట్టుకునేది కాదు."

పులివెందుల పోటీలో తేజా అందరికన్నా వెనక వచ్చాడు. దారిలో నీళ్లకు ఆగిన చోటల్లా జనం సైకిలును చుట్టుకుని వదల్లేదు. ఆ సాయంత్రమే పులివెందుల డాక్టరొకాయన షఫీకి ఫోను చేశాడు.

"నా సైకిలుకూ అదే రంగు కావల్ల. ఎట్లయినా చెయ్యాల్సిందే."

షఫీ ఈసారి కూర్చునే మాట్లాడాడు.

"చేస్తా సార్. ముందు నా నంబరు మీ ఇంట్లోవాళ్లందరికీ ఇయ్యండి."