పైడితల్లి నుదుటి మీద బ్రేకు దీపం

గౌరినాయుడి కారులో వెలగాల్సిన బ్రేకు దీపం అతని పెళ్ళాం పైడితల్లి నుదుటి మీదికి ఎక్కిందని ఎదురింటి సన్యాసమ్మ కుళాయి దగ్గర చెప్పిందట. "కొత్త రకం బొట్టుబిళ్ళ అనుకున్నానమ్మా. తీరా సూస్తే బండి దీపం. మా ఇంజను దీపం మా అత్త మెడ మీద ఎలగతాది కదేటి, అలాటిదే," అందట. విన్నవాళ్ళు బిందెలు నింపుకుని వెళ్ళిపోయారు. ఇందులో నోరెళ్ళబెట్టాల్సిందేమీ లేదు.

జరిగింది మామూలే. ఆదివారం పొద్దున్న డ్యాష్‌బోర్డులో ఎర్రదీపం వెలిగింది. బ్రేకు ప్యాడ్లు అరిగిపోయాయని దానర్థం. గౌరినాయుడు ఫోనులో ఒక వీడియో పెట్టుకున్నాడు. ముందు ప్యాడ్లు మార్చాలి, ఆ తరవాతే దీపం ఆర్పాలి అని అందులో వివరంగా చెప్పారు. ఆ మొదటి సగాన్ని అతను వేలితో పక్కకు జరిపేశాడు. ఊళ్ళో అందరూ జరిపేసేది ఆ సగమే. ఇంజను వెయ్యకుండా తాళం తిప్పి, బ్రేకు తొక్కిపట్టి, మీట నొక్కి ఉంచాడు. దీపం ఆరింది. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించి, చేతులు కడుక్కుని వంటింట్లోకి వెళ్తే, అట్టు తిరగేస్తున్న పైడితల్లి కనుబొమల మధ్య అదే దీపం.

"ప్యాడ్లు మార్పించండి. నిన్న సంత కాడ గేదె అడ్డొస్తే బండి ఆగనేదు," అందామె. ఆ మాట అన్నప్పుడల్లా దీపం ఇంకా ఎర్రబడేది. దాని మీద పెద్ద స్టిక్కరు బొట్టు అంటించుకుంది. అందులోంచీ వెలిగింది.

గురువారం పాడేరులో పెళ్ళి. తిరుగు ప్రయాణంలో ఘాటు రోడ్డు దిగాలి. ముందు సీటు నాదంటే నాదని కూతురు జోషిత అప్పుడే తగువు మొదలుపెట్టింది. పైడితల్లి బెంగ అదే. గౌరినాయుడి బెంగ వేరు. నుదుట దీపంతో పెళ్ళాన్ని పదిమందిలోకి ఎలా తీసుకెళ్ళడం?

బండిలో ఆమెను బ్రేకు ఇనస్పెక్టరు ఆఫీసుకి తీసుకెళ్ళాడు. అక్కడ మనుషుల మీదికి ఎక్కిన దీపాలకు వేరే కిటికీ ఉంది. వరసలో అంతా ఆడవాళ్ళే. మధ్యలో ఒక ముసలి డ్రైవరు, స్కూలు గోడ ఒరిగిందని చెప్పి చెప్పి అలిసిన ఒక లెక్కల మేష్టారు. భోజనానికని కిటికీ మూశారు. తెరిచాక సర్వరు పనిచెయ్యలేదు. పనిచేశాక ఆధార్ అడిగారు. ఆమెది కాదు, బండిది. బండికి ఆధార్ ఉండదంటే, ఉండదని రాయించుకు రమ్మన్నారు.

చివరికి ఇనస్పెక్టరు బండినీ పైడితల్లినీ పక్కపక్కన పెట్టి చూశాడు.

"బండిలో దీపం లేదు. బండి భేషుగ్గా ఉన్నట్టే. మేడంగారిలో ఉంది. సర్వీసు మేడంగారికి."

"బాబూ, అరిగిపోనాయి బండి ప్యాడ్లు," అంది పైడితల్లి.

"చూశారా, మాట్లాడితే పెరుగుతోంది. ఎప్పణ్ణుంచి ఇలా?" అని ఆయన గౌరినాయుణ్ణి అడిగాడు.

"పెళ్ళైన కాణ్ణుంచీనండి."

సర్వీసు కూడా వీడియోలో ఉన్నట్టే. కుర్చీలో కూర్చోబెట్టి, కాలు తొక్కిపట్టి, ఆ మాట నోట రాకుండా ఉంచితే దీపం దానంతటదే ఆరుతుంది. గౌరినాయుడు చెప్పుకాలితో ఆమె పాదాన్ని అదిమాడు. ఆమె "బ్రేకు" అంది. మళ్ళీ మొదలు. మళ్ళీ అంది. "తొరగా ఆరిపోవమ్మా, మాకూ వంటలున్నాయి," అని వెనకవాళ్ళు విసుక్కున్నారు. ఆఫీసు మూసే వేళకు పైడితల్లి ఏమీ అనలేదు. దీపం ఆరింది. సర్టిఫికెట్టు చేతికిచ్చారు.

పెళ్ళిలో అందరూ ఆమె మొహం కళగా ఉందన్నారు.

ఘాటు దిగుతుండగా ఒక మలుపు ముందు గౌరినాయుడు బ్రేకు తొక్కాడు. ఇనుముతో ఇనుము రాసుకున్న చప్పుడొచ్చింది గాని బండి జోరు తగ్గలేదు. డ్యాష్‌బోర్డులో ఏ దీపమూ వెలగలేదు. పైడితల్లి వెనక సీట్లోంచి వంగి, జోషితను లాగి ఒళ్ళోకి అదుముకుంది.

"ఏటే, ఇంత ముదిరిపోనాదని ఒక్క మాట సెప్పనేకపోనావా?" అని అరిచాడు గౌరినాయుడు.

"ఆ మాటకే కదండీ సర్వీసు సేయించీసినారు."