మూడో రికార్డు

ఆ ఆదివారానికి ఓబులేష్ వేసుకున్న పథకం చాలా చిన్నది. మేనమామ మారెప్పను తొలి బస్సుకు దేశనూరు పంపించడం, ఫోను ఆపేసి తలుపు గడియ పెట్టుకోవడం, పన్నెండింటి దాకా మూడు రికార్డులు వినడం. దేవుణ్ణి అడిగినా కాదనలేనంత చిన్న కోరిక. అందుకే కాబోలు, దేవుణ్ణి అడగాలని అతనికి తోచలేదు.

కంప్లిలో బియ్యం మిల్లు గుమాస్తాకు జాజ్ పిచ్చి ఏమిటని అడక్కండి. గనుల ఇంజనీరు గోపీకృష్ణ జీపులో ఒకసారి ఎక్కాడు, ఒక అమెరికా విద్వాంసుడి శాక్సాఫోను విన్నాడు, చెడిపోయాడు. ఆయన పేరుపొందిన రికార్డులన్నీ ఫోన్లో విని విని అరగదీశాడు. మిగిలినవి మూడు. ఎవరూ మెచ్చక, ఎవరూ కొనక, ఫోన్లోకి కూడా ఎక్కనివి. అందులో మూడోది ఆయన చివరి రోజుల్లో, ఊపిరి చాలక ఆగి ఆగి వాయించినది. గోపీకృష్ణ ఊరు ఖాళీ చేసి బెంగళూరు పోతూ, రికార్డులనూ అవి పాడించే పెట్టెనూ ఒక్క పూటకు అతని దగ్గర ఉంచాడు. పన్నెండుకు వచ్చి తీసుకుపోతాడు. ఇక ఈ జన్మకు మళ్ళీ దొరకవు.

అన్నీ సరిగ్గానే చేశాడు, ఒక్కటి తప్ప. స్నానానికి నీళ్ళు కాచుకోవాలి. పెరట్లో కట్టెలు వెలిగిస్తే పొగ లోపలికొచ్చి రికార్డులకు పడుతుందని, వాకిట్లో మూడు రాళ్ళు పెట్టి నిప్పు రాజేశాడు. నీళ్ళ కాగు పెట్టేలోగా మనసాగక లోపలికి పోయి మొదటి రికార్డు వేశాడు. కాగు మరిచిపోయాడు.

వాకిట్లో కాగులేని నిప్పు, చావింటి ముందు పెట్టినట్టు. మూసిన తలుపు. లోపల్నుంచి ఏడ్చినట్టు నిదానంగా శాక్సాఫోను. ఆ వీధిలో శాక్సాఫోను హుషారుగా మోగితే పెళ్ళి, నిదానంగా మోగితే శవం. ఎదురింటి మహాదేవి చేతిలో చీపురు అక్కడే వదిలేసింది.

"అయ్యో, మారెప్ప పోయినాడే!" అంది. పది నిమిషాల్లో ఆ వీధిలో పొయ్యిలన్నీ ఆరిపోయాయి. ఇంకో పది నిమిషాల్లో అరుగుల మీద తువ్వాళ్ళు కప్పుకున్న మగవాళ్ళు కూర్చున్నారు. ఎవరో బ్యాండు దురుగప్పకు కబురు పెట్టారు, ఎవరో దేశనూరు చుట్టాలకు ఫోను చేశారు.

రెండో రికార్డు ముగిసేసరికి ఓబులేష్ కళ్ళు నిండిపోయాయి. అంత బాగుంది. కళ్ళు తుడుచుకుంటూ, స్నానం ముగించి మూడోది వేద్దామని తలుపు తీశాడు. ఎదురుగా అరవై మంది ఉన్నారు.

మహాదేవి వచ్చి చేతులు పట్టుకుంది. "ఏడ్చెయ్ అప్పా, మనసులో పెట్టుకోవద్దు."

"ఏంది అక్కా ఇది? ఎవరు పోయినారు?"

"పాపం, ఇంకా నమ్మలేకుండాడు."

"మామ పోలేదు! పొద్దున్నే బస్సెక్కి దేశనూరు పోయినాడు!"

"అట్లే అనుకో అప్పా. మంచి చోటికే పోయినాడు."

ఓబులేష్ ఇల్లంతా చూపించాడు, ఖాళీ మంచం చూపించాడు. అది చూసి ఆడవాళ్ళు మరింత గట్టిగా ఏడ్చారు. ఫోను చేద్దామంటే మారెప్పకు ఫోనే లేదు, దేశనూరు చుట్టాలు ఎత్తలేదు. దురుగప్ప బృందం వచ్చి దిగింది. సాగనంపడానికి పిలిచినవాళ్ళను ఊదకుండా పంపితే ఇంటికి కీడని పెద్దలు పట్టుబట్టారు. వాళ్ళతో వాదించి వాదించి గొంతు పోగొట్టుకున్నాడు. గోడ గడియారంలో పదకొండు దాటింది. తన బతుకంతా ఇంతేననిపించి ఓబులేష్‌కు నిజంగానే ఏడుపొచ్చింది. చివరికి ఎవరేమన్నా అననీ అని లోపలికి పోయి, మూడో రికార్డు పెట్టి, దాని మీద ముల్లు దించాడు.

సరిగ్గా అప్పుడే వాకిట్లో ఆటో ఆగింది.

దేశనూరుకు వెళ్ళిన కబురు "ఓబులేష్ ఇంట్లో పోయినారంట" అని. ఆ ఇంట్లో ఉండేది ఇద్దరే. ఒకరు తమ ముందే కూర్చుని కాఫీ తాగుతున్నారు. కనుక పోయింది రెండోవాడని అక్కడ తేల్చేశారు. "ఓరి నా అల్లుడా!" అని గుండెలు బాదుకుంటూ మారెప్ప ఆటో దిగాడు. శవమై ఉండాల్సిన అల్లుడు గడపలో నిలబడి కనిపించాడు. ముసలాయన నోరు తెరిచి, తెరిచినట్టే పడిపోయాడు.

"మామా!" అని ఓబులేష్ అరిచాడు. ఆ క్షణంలో రికార్డు గుర్తులేదు, గోపీకృష్ణ గుర్తులేడు. మామను అదే ఆటోలో వేసుకుని డాక్టరు దగ్గరికి పరుగెత్తించాడు. డాక్టరు సెలైను పెట్టి, భయమేమీ లేదని, కాఫీ తప్ప ఏమీ తినకపోవడం వల్ల పడ్డాడని చెప్పి, కాసేపు పడుకోనివ్వమన్నాడు.

ఇద్దరూ తిరిగొచ్చేసరికి పన్నెండున్నర. అప్పటికే గోపీకృష్ణ వచ్చి పెట్టె, రికార్డులు జీపులో వేసుకుని వెళ్ళిపోయాడు. జనం మాత్రం కదల్లేదు. పోయిన మనిషి పోలేదని కళ్ళారా చూశాక, ఇప్పుడైనా పోతాడేమోనన్న మర్యాదతో అలాగే కూర్చున్నారు. దురుగప్ప తన శాక్సాఫోను ఒళ్ళో పెట్టుకుని, తలవంచుకుని ఉన్నాడు.

"ఆ మూడో రికార్డు..." అన్నాడు ఓబులేష్.

"కడ దాకా మోగింది అన్నా. రెండో పక్క నేనే తిప్పి పెడ్తిని," అన్నాడు దురుగప్ప. "ముప్పై ఏండ్లు ఊదినా. అట్లా ఊపిరి తీసుకోను నాకు రాలేదు."

అరవై మందిలో ఒక్కరూ దగ్గను కూడా దగ్గలేదట. మహాదేవి కొంగుతో ముక్కు తుడుచుకుంది.

"నువ్వు గూడా ఉండింటే బాగుండు అప్పా."