నాలుగో హాస్యం

కోక్-తాల్ జిల్లా ప్రజలు నవ్వు విషయంలో బాగా వెనకబడి ఉన్నారని అకిమ్ తురాత్‌బెక్ సపారోవిచ్ గారు స్వయంగా కనిపెట్టారు. అంతకుముందు జిల్లాని ఏలిన ఏ అకిమ్‌కీ ఈ సంగతి తట్టలేదు. పాపం, వాళ్ళు రోడ్లనీ కాలువలనీ చిల్లర పనుల్లో కాలం వెళ్ళబుచ్చారు.

కనిపెట్టిన మర్నాడే ఉత్తర్వు నంబరు నలభై ఏడు వెలువడింది. సాంస్కృతిక భవనం మీది మైకులో రోజుకి మూడుసార్లు చదివారు. "ఇకమీదట జిల్లాలో పెళ్ళయినా, పురుడయినా, అధికారుల రాకయినా, అతిథులు కూచున్న ఏడు నిమిషాల్లోగా మూడు హాస్యాలు జరిగి తీరాలి. అతిథుల మధ్య బిగువు సడలాలి. ఒక్కో హాస్యానికి ఎనిమిది సెకన్లకి తగ్గకుండా నవ్వాలి. లైసెన్సు లేని తమదాలు నోరు విప్పరాదు."

ఆ చివరి ముక్క విన్న కల్మూర్జాకి తాగుతున్న టీ గొంతుకి అడ్డం పడింది. ఇరవై రెండేళ్ళుగా ఆయన తమదా. విందులో ఎవరు ఎప్పుడు లేచి మాట్లాడాలో చెప్పడం, మూతి బిగించుకు కూచున్న వియ్యాలవారిని రెండు కొంటె మాటలతో కలపడం ఆయన పని. ఆ నోటి మీదే ఇల్లు నడుస్తోంది.

"నవ్వించడానికి లైసెన్సా?" అంది భార్య బురుల్కాన్ రొట్టె తిప్పుతూ. "మరి ఏడిపించడానికి వాళ్ళెక్కడ తెచ్చుకున్నారట?"

"మెల్లిగా అనవే. మైకు వింటుంది."

"ఏటికి ఇవతల నేనేమన్నా వాళ్ళకి వినపడదులే. వినపడితే ఈపాటికి వంతెన వచ్చేది."

వాళ్ళ ఊరు ఏటికి అవతలి ఒడ్డున ఉంది. అక్కడ వంతెన మూడేళ్ళుగా కడుతూనే ఉన్నారు. రెండు స్తంభాలు లేచాయి. మిగతా సిమెంటు దారిలో ఉందని మొదటి ఏడాది చెప్పారు. ఇప్పటికీ దారిలోనే ఉంది. కల్మూర్జా విందుకి వెళ్ళాలంటే బూట్లు విప్పి, తాళ్ళు ముడేసి మెడలో వేసుకుని తొడలోతు నీళ్ళలో దిగుతాడు. జూన్‌లో కొండల మీద మంచు కరిగితే అదీ కుదరదు. పక్కనున్న తాష్-కోరో జిల్లా వంతెన మీదుగా నలభై కిలోమీటర్లు చుట్టు తిరగాలి.

మూడోనాడు అకిమ్‌గారే కబురు పెట్టారు. ఆఫీసులో ఎదురుగా కూచోబెట్టి, తలుపు మూయించి, కిటికీ కూడా మూయించి అన్నారు: "గవర్నరుగారు వస్తున్నారు. మన వంతెన ప్రారంభించడానికి."

"ఏ వంతెనండీ?"

"చూశావా, నీలో హాస్యం సహజంగానే ఉంది." అకిమ్‌గారు నవ్వలేదు. "పన్నెండింటికి విందు. నాలుగింటికి ఆయన హెలికాప్టరు ఎక్కి తీరాలి, చీకటి పడితే కనుమ దాటనివ్వరు. ఆ నాలుగు గంటలూ ఆయన్ని నవ్విస్తూ డేరాలోనే కూచోబెట్టావనుకో, రిబ్బను అక్కడికే తెప్పించి కత్తిరింపజేస్తా. నీకు ఫస్టు క్లాసు లైసెన్సు, ప్రాంతంలో ఎక్కడైనా చెల్లేది."

"ఆయన ముందే లేస్తేనండీ?"

"లేస్తే నేను పోతాను. నేను పోయేముందు నీ లైసెన్సు సంగతి చూసే పోతాను."

ఇంత సూటిగా మాట్లాడే అధికారులు ఈ రోజుల్లో అరుదు.

హాస్యాలని కమిటీ ఆమోదించాలి. అధ్యక్షురాలు, అందరూ ఎజే, అంటే అక్కా, అని పిలిచే అనార్‌కుల్ కళ్ళజోడు సవరించుకుని, ఊఁ, కానీ అంది.

"ఒకడు గుర్రాన్ని పశువుల డాక్టరు దగ్గరికి తోలుకెళ్ళి, ఇది పెళ్ళినాటి నించీ నాతో మాట్లాడ్డం లేదండీ అన్నాడు..."

"పశుసంవర్ధక శాఖ బాధపడుతుంది. డాక్టరుని తీసెయ్."

"ఒకడు గుర్రాన్ని..."

"గవర్నరుగారి మామగారు గుర్రం మీంచి పడ్డారు. గుర్రం వద్దు."

"పెళ్ళినాటి నించీ..."

"మామగారు అన్నాక పెళ్ళి దేనికి మళ్ళీ?"

కల్మూర్జా నుదురు తుడుచుకున్నాడు. "ఒకాయన వచ్చాడు. కూచున్నాడు."

"ఎక్కడ కూచున్నాడు?"

"తన హోదాకి తగిన చోటనే."

"అది స్పష్టంగా రాయండి," అంది ఎజే గుమాస్తాతో. మొదటి హాస్యం అలా పాసయింది. రెండోదాంట్లో ఆయన లేచాడు. మూడోది మాటల్లేనిది కాబట్టి అభ్యంతరం లేకుండా పోయింది: తమదా చెప్పాల్సింది మరిచిపోయినట్టు జేబులన్నీ తడుముకుని, ఏమీ దొరక్క, రెండు ఖాళీ అరచేతులూ గుండె ముందు చాపి నిలబడాలి. కమిటీ సభ్యులు ముగ్గురూ గడియారం చూసుకుంటూ ఎనిమిది సెకన్లు నవ్వి సంతకాలు పెట్టారు.

మే నెల పదో తారీకున ఏటి ఒడ్డు మైదానంలో డేరా వెలిసింది. మూడువందలమంది. బయట ఏడు పెద్ద కడాయిల్లో మాంసం ఉడుకుతోంది. మధ్య స్థానంలో గవర్నరుగారు, ఎడమపక్క అకిమ్‌గారు, కుడిపక్క జిల్లాలోకెల్లా పెద్దవాడు అసన్‌కోజో తాత. ఎనభై ఆరేళ్ళు. రెండు చెవులూ వినపడవు, చూపు మాత్రం డేగ చూపు. అలాంటి పెద్ద పక్కన ఉంటే సభకి నిండుదనం.

కల్మూర్జా మైకు అందుకున్నాడు. "ఒకాయన వచ్చాడు. తన హోదాకి తగిన చోట కూచున్నాడు."

అకిమ్‌గారు నవ్వారు. వెంటనే మూడువందలమందీ ఎనిమిది సెకన్లు నవ్వి, తొమ్మిదో సెకనుకి కత్తిరించినట్టు ఆపేశారు. గవర్నరుగారు బూరెలాంటి బోర్సోక్ ముక్క తుంచుకుని పైకప్పు వంక చూశారు.

"ఆయనే లేచాడు."

మళ్ళీ ఎనిమిది సెకన్లు. గవర్నరుగారు ఆవలింత నొక్కుకున్నారు. కల్మూర్జా మూడోది చేశాడు. జేబులు తడిమాడు, టోపీ తీసి చూశాడు, ఏమీ లేదన్నట్టు రెండు అరచేతులూ గుండె ముందు చాపి నిలబడ్డాడు.

అసన్‌కోజో తాత అది చూశాడు. డెబ్భై ఏళ్ళ విందుల్లో అరచేతులు అలా లేచాయంటే ఒకటే అర్థం: తిండి అయింది, దీవెన మొదలయింది. తను ఎప్పుడు తిన్నాడో గుర్తు రాలేదు. ఆ వయసులో అది వింత కాదు. చేతులు చాచి గట్టిగా అందుకున్నాడు: "పెద్దలు చల్లగా ఉండాలి! పశువులు ఈనాలి! పిల్లలు ఏరు తడవకుండా దాటాలి!"

పెద్ద దీవిస్తుంటే చేతులు ముడుచుకు కూచునేవాడు ఆ నేల మీద ఇంకా పుట్టలేదు. మూడువందల జతల అరచేతులు లేచాయి. గవర్నరుగారివీ లేచాయి. చూసుకుంటే అకిమ్‌గారివీ లేచే ఉన్నాయి.

"ఓమీన్!" అందరూ మొహం తుడుచుకున్నారు. అందరూ లేచారు. దీవెన అయ్యాక మళ్ళీ చతికిలబడ్డవాణ్ణి ఏడు తరాలు చెప్పుకుంటారు. బయట వంటవాడు గరిటె పట్టుకుని, "ఒరే, ఉడకనన్నా ఉడకలేదురా!" అని అరుస్తున్నాడు. టైము పన్నెండూ పదకొండు.

"భేష్," అన్నారు గవర్నరుగారు టోపీ పెట్టుకుంటూ. "ఇక వంతెనేగా. పదండి."

అకిమ్‌గారు రెండడుగులు వెనక నడుస్తూ కల్మూర్జా చెవిలో, "నీ వల్లే," అన్నారు.

ఒడ్డున రెండు కర్రల మధ్య ఎర్ర రిబ్బను, దాని వెనక ఏరు. ఏట్లో రెండు స్తంభాలు, ఒకదాని మీద కాకి. అవతలి ఒడ్డున, చేతులూపడానికి పొద్దున్నే నిలబెట్టిన నలభైమంది జెండాలు ఊపుతున్నారు. వాళ్ళలో బురుల్కాన్ కూడా ఉంది.

గవర్నరుగారు చాలాసేపు చూశారు. "ఏదయ్యా వంతెన?"

అకిమ్‌గారు కత్తెర అందించారు. విందులో మాట ఆగిపోతే అందుకోవడం కల్మూర్జాకి ఇరవై రెండేళ్ళ అలవాటు. మైకు ఇంకా చేతిలోనే ఉంది. లైసెన్సూ గుర్తుంది.

"ఇదేనండీ నాలుగో హాస్యం," అన్నాడు.

గవర్నరుగారు ఆయన వంక చూశారు, రిబ్బను వంక చూశారు, కాకి వంక చూశారు. ఆ తర్వాత పొట్ట పట్టుకుని వంగిపోయారు. మూడువందలమందీ నవ్వారు. ఎందుకో తెలియకపోయినా అవతలి నలభైమందీ నవ్వారు. నలభై ఒక్క సెకన్లని ప్రోటోకాల్ అధికారి పుస్తకంలో రాసుకున్నాడు.

"ఐదు జిల్లాలు తిరిగానయ్యా!" అన్నారు గవర్నరుగారు కళ్ళు తుడుచుకుంటూ. "అన్నిచోట్లా ఒకాయన రావడం, కూచోవడం. ఇదీ హాస్యమంటే! ఒక్క నవ్వు కోసం మూడేళ్ళ ముందునించీ స్తంభాలు లేపుకుంటూ వచ్చావా, తురాత్‌బెక్?"

"మీ దయ," అన్నారు అకిమ్‌గారు.

"అవతల జెండాలు కూడానా! దీని మీద ఇక ఒక్క తట్ట సిమెంటు వెయ్యకండి. కట్టేశారో, సారం పోతుంది." రిబ్బను కత్తిరించి, నవ్వుకుంటూనే హెలికాప్టరెక్కారు.

సాయంత్రం కల్మూర్జా బూట్లు మెడలో వేసుకుని, ఫస్టు క్లాసు లైసెన్సు తడవకుండా పళ్ళ మధ్య పట్టుకుని ఏరు దాటాడు. బురుల్కాన్ ఒడ్డునే నిలబడి ఉంది.

"ఎందుకంతలా నవ్వారు?"

కల్మూర్జా లైసెన్సు నోట్లోంచి తీసి చెప్పాడు. ఆమె అంతా విన్నది. "అయితే వచ్చే నెల ఏరు పొంగినప్పుడు ఈ కాగితం పరుచుకుని దాటు," అని లోపలికి పోయింది.

పదిరోజుల్లో నాలుగో హాస్యం అన్ని జిల్లాలకీ సర్క్యులరై వెళ్ళింది. జూన్ మొదట్లో తాష్-కోరో అకిమ్‌గారు ఫోను చేశారు.

"గవర్నరుగారు ఇరవయ్యో తారీకున మా దగ్గరికొస్తున్నారు, కల్మూర్జా అన్నగారూ. మీరే తమదా."

"సంతోషమండీ. ఏ హాస్యం కావాలి?"

"అదే. నాలుగోది."

"మీకు వంతెన ఉంది కదండీ?"

"ఆ సంగతి మేం చూసుకుంటాంలెండి."

ఏరు అప్పటికి గుండెలోతు పొంగింది. కల్మూర్జా బూట్లు కాళ్ళకే వేసుకుని నలభై కిలోమీటర్లు చుట్టు తిరిగి తాష్-కోరో వెళ్ళాడు. వంతెన మీద ఇద్దరు మనుషులు టేపు పట్టుకుని కొలుస్తున్నారు. ఒకడు తలెత్తి నమస్కరించి, మర్యాదగా పక్కకి జరిగి దారిచ్చాడు.

"తిరిగి రావడం కూడా ఇటేనా, అన్నగారూ?" అన్నాడు. "అయితే గురువారం లోపల వచ్చెయ్యండి."