పారినాయుడి ఒంట్లో ఖాళీ

విశాఖపట్నం బీచ్ రోడ్డు వెనక వీధిలో ఉన్న మలేషియా హోటల్లో ఎవరు ఏం తిన్నా, అందులోని కొవ్వూ తీపీ ఉప్పూ తిన్నవాళ్ల ఒంటికి పట్టవు. వంటగది వెనక బల్ల మీద కూర్చునే లెంక పారినాయుడి ఒంటికి పడతాయి. రుచి మాత్రం తిన్నవాళ్లదే. అది పారినాయుడికి చేరకుండా హోటలువాళ్లు మొదట్లోనే ఏర్పాటు చేశారు. ఆరోగ్యంగా తినాలనుకునేవాళ్లు ఊళ్లో ఇప్పుడు ఇలాగే తింటున్నారు.

మలేషియా వంటలో కొబ్బరిపాలు ఎక్కువ. నాసి లెమాక్ అనే అన్నాన్ని ఆ పాలల్లోనే ఉడికిస్తారు. రెండాంగ్ అనే మాంసం కూర నూనె పైకి తేలేదాకా వాటిల్లోనే మగ్గుతుంది. చివర వచ్చే చెండోల్‌లో నల్లబెల్లం పాకం, మంచు తురుము, మళ్లీ కొబ్బరిపాలు. వెనకటికి డాక్టర్లు ఇలాంటి చోట తెల్లన్నం అడగమనీ, ఆవిరి మీద ఉడికిన చేప తినమనీ, సాస్ పక్కన పెట్టించుకోమనీ చెప్పేవారు. అది కష్టమైన దారి, నోరు కట్టుకోవాలి. ఆరోగ్య శాఖ అంతకంటే తేలికైన దారి కనిపెట్టి, తిన్నవాళ్ల బదులు ఇవన్నీ ఒంట పట్టించుకునే గ్రహీతను పెద్ద హోటళ్లన్నీ ఒక్కొక్కణ్ణి పెట్టుకోవాలని ఉత్తర్వు ఇచ్చింది. గ్రహీత పల్లెటూరివాడై ఉండాలి, బక్కగా ఉండాలి, పూర్వపు జబ్బులేవీ ఉండకూడదు. పల్లెటూరి ఒళ్లలో ఖాళీ ఎక్కువని సర్వేలో తేలింది. ఆ ఖాళీ ఎలా వచ్చిందో సర్వే అడగలేదు.

పారినాయుడిది బొబ్బిలి అవతల పల్లె. చెరకు వేసేవాడు. చెరకు కొనేవాళ్లు లేక పట్నం వచ్చాడు. ఉద్యోగంలోకి తీసుకున్న రోజున డాక్టరు అతని పక్కటెముకల మీద వేళ్లతో తట్టి, గాదె చూసిన షావుకారులా "బాగా పడుతుంది" అన్నాడు. అమ్ముడుపోని తీపితో ఊరు వదిలినవాడికి తీపి ఊరికే అందుతుందని హోటలు మేనేజరు కామేశ్వర్ నవ్వాడు. కామేశ్వర్‌దీ ఆ జిల్లాయే.

పనిలో కష్టం లేదు. బల్ల మీద కూర్చోవాలి. హోటలు తిండి గ్రహీత ముట్టకూడదు, ముడితే ఖాళీ తగ్గిపోతుంది. అందుకని పారినాయుడు ఇంటి దగ్గర ఇంత చోడి అంబలి, అంటే రాగి జావ, తాగి వస్తాడు. లోపల ఎవరో పుల్లలకు గుచ్చిన కోడిమాంసం వేరుసెనగ ముద్దలో ముంచుకు తింటుంటే ఇక్కడ అతని కడుపు గట్టిపడుతుంది. అది దేని బరువో అతనికి తెలియదు. ఇంతకాలంలో రెండాంగ్ కారంగా ఉంటుందో తియ్యగా ఉంటుందో ఒక్కరూ అతనికి చెప్పలేదు.

ఆ వానాకాలంలో అతని కుడికాలి బొటనవేలికి పుండు పడి మానలేదు. తర్వాత వేలు నల్లబడింది. నొప్పి తెలియకపోవడం మంచిదే అనుకున్నాడు. పెద్దాసుపత్రి డాక్టరు చూసి, తీపి ఆగకపోతే కాలు ఉండదన్నాడు.

నిబంధనలు దయలేనివి కావు. గ్రహీత ఎప్పుడైనా "చాలు" అనవచ్చు. అన్నప్పటి నుంచి ఎవరు తిన్నది వాళ్ల ఒంటికే పడుతుంది. కాకపోతే, ఆ మాటకు విలువ కట్టేటప్పుడు ఆ ప్రాంతపు మర్యాదను లెక్కలోకి తీసుకోవాలని దాని కింద ఒక వాక్యం ఉంది.

"సాలు బాబూ," అన్నాడు పారినాయుడు. "కాలు నల్లబడిపోనాది. ఇంక నా వల్ల అవదు."

"మొహమాటపడకు నాయుడూ. ఇంకో రెండు టేబుళ్లే," అన్నాడు కామేశ్వర్.

"మొగమాటం కాదు బాబూ. నిజింగా సాలు."

"అందరూ నిజంగానే అంటారు. మీ ఊరి పెళ్లిళ్లలో నువ్వు వడ్డించలేదా? విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టినవాడికి వేళ్ల సందుల్లోంచి పప్పు పొయ్యలేదా? చాలన్నాడని ఆపేస్తే వాడు మొహం మాడ్చుకోడూ?"

పారినాయుడు తను వడ్డించిన పెళ్లిళ్లన్నీ గుర్తు చేసుకున్నాడు. ఆపిన జ్ఞాపకం ఒక్కటీ రాలేదు. ఈ విషయం మీద ఆరోగ్య శాఖ కూడా ఒక సంఘాన్ని వేసి విచారించింది. మూడు జిల్లాల్లో అడిగినా, చాలంటే వడ్డన ఆగిన భోజనం సంఘానికి దొరకలేదు. ఆగని దాన్ని ఆపే పద్ధతి ఎలా రాయాలో తెలియక సంఘం టీ తాగి లేచింది. ఆ టీలో పాలూ పంచదారా వాళ్ల గ్రహీతకు పోయాయి.

ఒక్క మనిషి మాత్రం పాత దారిలో తినడానికి వచ్చింది. సుభద్ర గారని, రిటైరైన లెక్కల టీచరు. తెల్లన్నం, ఆవిరి చేప, చక్కెర లేని టీ అడిగింది. వడ్డించే కుర్రాళ్లు ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు. కామేశ్వర్ స్వయంగా వచ్చాడు.

"మేడమ్, మీలాగే అందరూ తింటే వెనకాల ఉన్నాయనకి పనుండదు. పల్లెటూరి మనిషి. ఆయన కూడు తీస్తారా?"

"ఆయన చాలంటున్నాడట కదయ్యా!"

"మీ ఇంటికొచ్చిన చుట్టం చాలంటే మీరు గరిటె కింద పెడతారా మేడమ్?"

ముప్ఫయ్యేళ్లు లెక్కలు చెప్పిన మనిషి తన ఇంట్లో కింద పెట్టిన గరిటెలు లెక్కపెట్టి, మెనూ మూసేసింది. కొబ్బరిపాలతో చేసిన లక్సా నూడుల్స్ ఆమె ముందుకొచ్చాయి. తల వంచుకుని తినేసింది. బాగున్నాయంది.

ఇంట్లో పారినాయుడి భార్య అచ్చియ్యమ్మ కట్టు విప్పి, పుండు కడిగి, కోపంతో బిందె తన్నింది.

"నోటితో సెప్తే ఇనరయ్యా ఆల్లు. ఆకు ముందర్నించి లెగిసిపో. లెగిసినోడికి ఎవుడొడ్డిస్తాడు?"

మర్నాడు పారినాయుడు బల్ల మీంచి లేచాడు. కామేశ్వర్ అదిరిపడ్డాడు. "భోజనాల బంతి మధ్యలో లేస్తావా? అయిదో టేబులువాళ్లు ఇంకా సూప్ దగ్గరే ఉన్నారు! పక్కవాళ్ల భోజనం కాకుండా లేవకూడదని మీ అమ్మ నేర్పలేదా?" నేర్పింది. పారినాయుడు కూర్చున్నాడు. అయిదో టేబులు లేచేసరికి రెండోది నిండింది. హోటలు మూశాక ఇళ్లలో పార్సిళ్లు తినేవాళ్లు ఉంటారు, వాళ్లూ బంతిలోవాళ్లే. వాళ్లు తినే బరువు పారినాయుడు తన చాప మీద పడుకున్నా వచ్చి చేరుతుంది కాబట్టి, ఇంటికి వెళ్లడాన్ని లేవడం కింద లెక్కించరు.

పరుగు పోటీలో కప్పు గెలిచిన శ్రీకర్ అనే కుర్రాడు కృతజ్ఞత చెప్పుకోవడానికి వంటగది వెనక్కి వచ్చాడు. వారానికి అయిదు రోజులు ఇక్కడే తింటాడు. రాగానే పారినాయుడి భుజం మీద చెయ్యి వేసి ఫొటో తీసుకున్నాడు.

"అన్నా, మీవల్లే నా షుగర్ నార్మల్‌కొచ్చింది. ఏంటన్నా ఆ కట్టు? ఆటల్లో దెబ్బా?"

"నేదు బాబూ. మీ సెండోలు."

శ్రీకర్ గట్టిగా నవ్వాడు. "భలే జోకులేస్తారన్నా! కానీ మీరు కూర్చునే ఉంటున్నారు. అది మంచిది కాదు. రోజూ కాస్త నడవండి. నడకలోనే ఉంది అంతా."

కాలు మోకాలి కింద తీసేశారు. పారినాయుడు ఆసుపత్రి నుంచి తిరిగొచ్చాక హోటల్లో అతణ్ణి నియమం ప్రకారం తూచారు. బరువు తగ్గింది. తగ్గినంత మేర ఖాళీ ఏర్పడ్డట్టు నిర్ధారించి, ఆ ఖాళీ మీద వరండాలో మరో రెండు టేబుళ్లకు అనుమతి ఇచ్చారు. తిన్నవాళ్లతోపాటు గ్రహీత కూడా సన్నబడ్డ హోటలు రాష్ట్రంలో ఇదొక్కటేనని ఆరోగ్య శాఖ బహుమతి ప్రకటించింది.

సభలో పారినాయుణ్ణి ఇద్దరు పట్టుకుని వేదిక ఎక్కించారు. అధికారి శాలువా కప్పి, రెండు ముక్కలు మాట్లాడమని మైకు నోటి దగ్గర పెట్టాడు. పారినాయుడు ఎదురుగా ఉన్న జనాన్ని చూశాడు. అందరూ సన్నగా, నిగనిగలాడుతూ ఉన్నారు.

"సాలు," అన్నాడు. కాస్త ఆగి, చేతనైనంత గట్టిగా, "బాబూ, సాలు!" అన్నాడు.

హాలంతా చప్పట్లు మోగాయి. ఎంత వినయం అన్నారు. అధికారి కళ్లు తుడుచుకుని రెండో శాలువా తెప్పించాడు.

మర్నాడు ఆదివారం. పొద్దున్నే అచ్చియ్యమ్మ అంబలి కాచి గిన్నెలో పోసింది. సగం నిండగానే పారినాయుడు అలవాటు కొద్దీ చెయ్యి అడ్డం పెట్టి "సాలే" అన్నాడు. అచ్చియ్యమ్మ అక్కడికక్కడ ఆపేసింది. కుండ పక్కకు జరిపి మూత పెట్టింది.

పారినాయుడు గిన్నె వంక చూశాడు, కుండ వంక చూశాడు.

"ఏటలా సూస్తావు?" అంది అచ్చియ్యమ్మ. "సాలన్నావు గదా. ఆ మాట ఇనీవోలు నోకంలో ఒకరైనా ఉండాల గదయ్యా."

అతనికి ఆకలిగా ఉంది. ఇంకొంచెం పొయ్యమని నోటిదాకా వచ్చింది. కానీ పొయ్యమంటే కామేశ్వర్ చెప్పింది నిజమవుతుంది. హోటల్లో తను అన్న మాటలన్నీ మొహమాటానికి అన్నవే అవుతాయి. అందుకని ఉన్నది తాగి, గిన్నెలోనే చెయ్యి కడిగేసుకున్నాడు. అచ్చియ్యమ్మ భుజం పట్టుకుని ఒంటికాలి మీద లేచి, హోటలుకు వెళ్లడానికి ఆటో కోసం గుమ్మంలో నిలబడ్డాడు. అప్పటికే ఊళ్లో ఎవరో తినడం మొదలుపెట్టారు. పారినాయుడి పొట్ట బరువెక్కింది. ఆకలి మాత్రం అలాగే ఉంది.