గడియ పడిన ఉదయం

ఆ ఉదయం పుస్తకాల బైండరు పెట్టుకున్న కోరిక చాలా చిన్నది. స్నానాలగదికి గడియ పెట్టుకుని, నోరు మూసుకుని, ఒక్కసారి స్నానం చేయాలి.

మూడేళ్ల క్రితం అదే గదిలో మూర్ఛ వచ్చి పడిపోయినప్పటి నుంచి ఇంట్లో రెండు శాసనాలు అమల్లో ఉన్నాయి. గడియ పెట్టకూడదు, లోపలున్నంతసేపూ పాడుతూనే ఉండాలి. పాట వినబడితే మనిషి క్షేమం. అతని చేతికి పుస్తకాలు కుట్టడం వచ్చినంతగా గొంతుకు పాట రాలేదని పైవాటా టీచరమ్మ అభిప్రాయం. మూర్ఛ మళ్లీ రాలేదు కానీ పాట ఒక్కరోజూ తప్పలేదు. మాత్రలు ఆపవచ్చో లేదో డాక్టరు చెప్పేది ఈరోజే.

అంతవరకూ ఆగలేక గడియ పెట్టేశాడు. కుళాయి కింద తల పెట్టాడు. నీళ్ల చప్పుడు తప్ప ఇంకేమీ లేని ఆ హాయికి కళ్లు చెమర్చాయి.

బయట అతని భార్య చేతిలో కాఫీ గ్లాసు ఆగిపోయింది. "ఏమండీ, పాట వినబడదేం?" తలుపు తోసింది, రాలేదు. "తమ్ముడూ, గడియ పడిందిరా."

ఆ తమ్ముడు ముందూ వెనకా చూసే రకం కాదు. భుజంతో ఒక్కటిచ్చాడు. తలుపు బందులతో సహా ఊడి గోడకు ఒరిగింది. ఆ ఊపులో తమ్ముడు లోపలికి దూసుకెళ్లి, సబ్బు మీద కాలేసి వెల్లకిలా పడ్డాడు. పాట వినబడకపోయేసరికి టీచరమ్మ చేసిన ఫోనుకు అంబులెన్సు రానే వచ్చింది. నేలమీద ఎవరుంటే వారినే స్ట్రెచరెక్కించారు.

"నాకు కాదండీ, మూర్ఛ మా బావకి."

"అందరూ అలాగే అంటారు. కదలకండి."

బైండరు తువ్వాలు మీదే బండెక్కాడు.

డాక్టరు బావమరిది నడుముకు పట్టీ వేయించి, బైండరు కాగితాలు తిరగేశాడు. "పరీక్షలు బాగున్నాయి. కానీ మందు మానితే మళ్లీ వచ్చే అవకాశం కొంత ఉంటుంది. మీరేమంటారు?"

బైండరు నోరు తెరిచేలోగా భార్య అందుకుంది. "పాట ఎప్పుడాగుతుందోనని చెవులు అటే పెట్టుకుని, మూడేళ్లుగా వేడి కాఫీ తాగలేదండీ. నాకూ మానిపించాలనే ఉంది. భయంగానూ ఉంది."

ఆమెకూ ఒక చిన్న కోరిక ఉందని అతనికి అప్పుడే తెలిసింది. డాక్టరు వైపు తిరిగాడు. "మెల్లగా తగ్గిద్దామండీ. ఈవిడ భయపడనంత మెల్లగా."

"అలాగే. నెలలు పడుతుంది. అన్నాళ్లూ గడియ మాత్రం వద్దు."

ఆ మాట తప్పే వీలు అతనికి లేకపోయింది. ఇంటికి వచ్చేసరికి తలుపు ఉండాల్సిన చోట టీచరమ్మ దుప్పటి కట్టి ఉంచింది.