పక్క తలుపుకో సమీకరణం

మా ఆసుపత్రిలో ఇకమీదట ప్రతి నిర్ణయమూ శాస్త్రీయంగానే తీసుకోబడుతుందని ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయడమైనది. మరి ఇంతకాలం ఎలా తీసుకున్నారని ఎవరూ అడగవద్దని మనవి. చెప్పకూడదని కాదు, మాకూ తెలియదు.

దీనికంతటికీ కారణం మందుల కిటికీ. డాక్టరుగారు చీటీ రాసిచ్చాక ఎంతటి రోగి అయినా ఆ ఒక్క కిటికీ దగ్గరికే రావాలి. అక్కడ మొదలైన వరస వరండా దాటి, మెట్లు దిగి, సైకిళ్ళ షెడ్డును చుట్టి, గేటు బయట అరటిపళ్ళ బండి దాకా పోతుంది. జ్వరంతో నిలబడ్డవాళ్ళలో కొందరికి నిలబడ్డచోటే జ్వరం తగ్గిపోయి, మందుతో పనిలేకుండా ఇంటిదారి పడతారు. వాళ్ళను మేము కోలుకున్నవారి లెక్కలో కలుపుకుంటాం. అందుకే మా ఆసుపత్రికి మొదటినుంచీ మంచి పేరు.

ఆ వరసలో బట్టలు కుట్టే ఆవిడ ఒకామె వస్తుండేది. భర్తకు మూర్ఛ. ఒక్కపూట మాత్ర తప్పితే మనిషి ఎక్కడ పడిపోతాడో తెలియదు. మాత్రలు వారానికి సరిపడా మాత్రమే ఇస్తారు గనక వారం వారం ఆమె రాక తప్పదు, వచ్చాక ఎండ నెత్తికెక్కేదాకా నిలబడకా తప్పదు. కుట్టు దుకాణం యజమాని ఓపిక పట్టీ పట్టీ చివరికి తేల్చేశాడు. "ఇంకొక్కసారి ఆలస్యంగా వచ్చావంటే నీ మిషను వేరేవాళ్ళకిచ్చేస్తానమ్మా. తర్వాత నన్ను అనుకుని లాభం లేదు."

ఆమె ఈ సంగతి మా సూపరింటెండెంటుగారికి చెప్పుకుని కళ్ళు తుడుచుకుంది. ఆయన కరిగిపోయారు. కరిగిపోవడం ఆయనకు అలవాటే. కరిగిన ప్రతిసారీ ఒక కమిటీ వేస్తారు.

ఈసారి కమిటీతో సరిపెట్టకుండా ఒక ఆపరేషన్స్ రీసెర్చ్ నిపుణుణ్ణి కూడా రప్పించారు. ఆ పేరు విని సర్జన్లంతా పరిచయ సభకు ముందే వచ్చి ముందు కుర్చీల్లో కూచున్నారు. ఇది లెక్కల వ్యవహారమనీ, కత్తితో పనిలేదనీ తెలిశాక టీ తాగి వెళ్ళిపోయారు.

"మిత్రులారా!" అని సూపరింటెండెంటుగారు మైకు అందుకున్నారు. "ఉజ్జాయింపులతో పరిపాలించే రోజులు పోయాయి! ఇకనుంచి గణితం మాట్లాడుతుంది, మనం వింటాం. గణితానికి అయినవాడనీ కానివాడనీ లేదు. గణితానికి భయం లేదు, మొహమాటం లేదు!"

హాలు చప్పట్లతో మారుమోగింది. మొహమాటం లేనిదాన్ని చేతులారా ఇంట్లోకి తెచ్చుకుంటున్నామని అప్పటికి ఎవరికీ తట్టలేదు.

నిపుణుడుగారు నెమ్మదస్తులు. వరసలకు కూడా ఒక శాస్త్రం ఉందిట. మనుషులు ఎంత వేగంగా వస్తున్నారో, కిటికీ వాళ్ళను ఎంత వేగంగా పంపిస్తోందో తెలిస్తే, ఎవరు ఎంతసేపు నిలబడాలో కాగితం మీదే చెప్పొచ్చుట. ఆయన కిటికీ ఎదురుగా స్టూలు వేసుకుని కూచుని అన్నీ చూసి లెక్క కట్టారు. లెక్క ప్రకారం వరస మెట్ల దగ్గర ఆగిపోవాలి. అదేమో అరటిపళ్ళ బండి దాకా ఉంది. మళ్ళీ కట్టారు. మళ్ళీ మెట్ల దగ్గరే ఆగింది. అప్పుడాయన స్టూలు మీంచి లేచి మందుల గది లోపలికి తొంగిచూశారు. మా ఆసుపత్రి చరిత్రలో లోపలికి తొంగిచూసిన మొదటి నిపుణుడు ఆయనే.

మందుల గదికి పక్కన ఒక తలుపుంది. చూడ్డానికి మూసే ఉంటుంది. తెలిసినవాళ్ళు తడితే తెరుచుకుంటుంది. సూపరింటెండెంటుగారి బావమరిది అటే వస్తాడు. పెద్ద నర్సమ్మగారి ఆడపడుచు అటే వస్తుంది. కరెంటు ఆఫీసాయన వస్తాడు, ఆయనకు తెలిసినాయన వస్తాడు, ఆ తెలిసినాయనతో మాట కలిపినాయన కూడా వస్తాడు. "అన్నయ్యా, ఈ ఒక్క చీటీ" అంటే చాలు, మా కాంపౌండరుగారు కిటికీకి వీపు తిప్పి ఇటు మందులందిస్తారు. బంగారంలాంటి మనిషి, మొహం చూస్తే కాదనలేరు. కిటికీ అవతలివాళ్ళ మొహాలు చూసే తీరికే ఆయనకు దొరకదు.

నిపుణుడుగారి నివేదిక ఒకే వాక్యం. పక్క తలుపుకు తాళం వేయవలెను.

 ఇంత పెద్ద శాస్త్రం ఇంత చిన్న జవాబు చెప్పడం కమిటీకి అవమానంగా తోచింది. సూపరింటెండెంటుగారు నిపుణుణ్ణి పక్కకు పిలిచారు.

"మాస్టారూ, మీ లెక్కలో షరతులని ఏవో పెట్టుకోవచ్చటగా?"

"అవునండీ. వాటికి లోబడే జవాబు వెతుకుతాం."

"అయితే ఒకటి రాసుకోండి. పక్క తలుపు తెరిచే ఉండాలి."

"అదేమిటండీ, అసలు ఇబ్బందే అదైతే!"

"మా బావమరిదికి నడుంనొప్పండీ. నిలబడలేడు."

దానివెంట పెద్ద నర్సమ్మగారు ఒక షరతు పెట్టారు, అకౌంట్సాయన ఒకటి, కమిటీలో ఎందుకున్నారో తెలియని ఇద్దరు చెరొకటి. నిపుణుడుగారి కంప్యూటరు అన్నింటినీ నెత్తిన పెట్టుకుని రాత్రంతా రొప్పి, తెల్లవారేసరికి ఒకే ఒక మార్గం చూపించింది. రోగులు రావడం మానుకోవాలి. కమిటీ దీన్ని హర్షధ్వానాల మధ్య ఆమోదించి, 'జబ్బుపడే ముందు ఆలోచించండి' అని గేటు మీద బోర్డు పెట్టించింది. మొదటి నివేదిక కంటే ఇది ఎంతో పరిణతి చెందిందని అందరం నిపుణుణ్ణి మెచ్చుకున్నాం.

ఆయన మాత్రం ఆ మెప్పు మింగలేకపోయారు. వరసలో మాటిమాటికీ గోడ గడియారం చూసుకుంటున్న బట్టలు కుట్టే ఆవిడను చూస్తే ఆయన ప్రాణం ఉసూరుమంది. "బాధ వాళ్ళది. వాళ్ళనే అడుగుదాం. తాళం వేయమంటే వేయండి" అన్నారు. సూపరింటెండెంటుగారు చిటికెలో ఒప్పుకున్నారు. ఆయనకు గణితం రాకపోయినా జనం తెలుసు.

నిపుణుడుగారు అరటిపళ్ళ బండి దగ్గర మొదలుపెట్టారు. "ఆ తలుపు మూయిస్తే మీరంతా పెందరాళే ఇళ్ళకు పోవచ్చు. మూయించమంటారా?"

చేతికర్ర పెద్దాయన ఉలిక్కిపడ్డాడు. "ఇప్పుడా? మా మేనకోడలికి ఇక్కడ ఉద్యోగం వచ్చేట్టుంది నాయనా. తీరా వచ్చాక మూసేస్తే ఎట్లా?"

పిల్లను చంకనేసుకున్నామె బతిమాలింది. "మా ఆయన స్నేహితుడికి కాంపౌండరుగారు బాగా దగ్గరంట. వచ్చేవారం నా సంగతి చెప్తానన్నాడు. కొంచెం ఆగండన్నా, నేను వెళ్ళొచ్చాక మూసుకుందురుగాని."

సైకిళ్ళ షెడ్డు దగ్గరా అదే మాట, మెట్ల మీదా అదే మాట. ఆ తలుపులోంచి ఇంతవరకు ఒక్కసారైనా వెళ్ళినవాడు వరసలో లేడు. వెళ్ళబోనివాడూ లేడు. నిపుణుడుగారు ఉన్న ఆశంతా మూటగట్టుకుని బట్టలు కుట్టే ఆవిడ దగ్గరికి వచ్చారు.

"మీరైనా చెప్పండమ్మా. మీ పనే పోయేట్టుంది. మూయించమంటారా, వద్దా?"

ఆమె కాసేపు చీటీ వంక చూసింది, కాసేపు మెట్ల వంక చూసింది.

"అది కాదు సార్... నిన్ననే కాంపౌండరుగారి భార్య మా కొట్టుకొచ్చి కొలతలిచ్చి వెళ్ళారు. పరవాలేదు, ఆ తలుపు దగ్గరికి రమ్మన్నారు. సిగ్గేసి ఇందాకట్నుంచీ ఇక్కడే నిలబడ్డాను."

అని వరసలోంచి తప్పుకుని పక్క తలుపు తట్టింది. తలుపు తెరుచుకుంది. ఆమె ఆవేళ మిషను దగ్గరికి వేళకు చేరింది, భర్త మాత్ర వేళకు వేసుకున్నాడు. అబద్ధమెందుకు, నాకు మనసులో చాలా సంతోషం కలిగింది. వరస కూడా ఆమెను తిట్టలేదు. ఆ పరిచయం ఎలా పట్టిందో కనుక్కోవాలనుకుంది.

నిపుణుడుగారు తుది నివేదికలో, బాధితుల ఏకగ్రీవ కోరిక మేరకు యథాతథ స్థితిని కొనసాగించవచ్చునని రాసి సంతకం పెట్టి బస్సెక్కారు. ప్రజాభిప్రాయమూ గణితమూ చేతులు కలిపిన అరుదైన సందర్భమని సూపరింటెండెంటుగారు ఇంకో ప్రసంగం చేశారు.

మీరు ఇప్పటిదాకా ఆ వరసలోవాళ్ళను చూసి నవ్వుకునే ఉంటారు. కానీ మీ మనసులో మాట నాకు తెలియనిది కాదు. ఆ కాంపౌండరుగారు మనవాళ్ళెవరికైనా తెలుసేమో అనే కదా? నేనూ అదే పనిమీద ఉన్నాను.